ముందు చక్రములకు పట్టు చిక్కుటెట్లు?

ఇంజనుకు బలము హెచ్చినకొలది బండి వేగముగ బయలుదేరవలెను గదా. అట్లుండగా మిక్కిలి బలము గల కారు పందెపు గీతయొద్ద ముందు చక్రములను గిరగిర త్రిప్పుచు, రబ్బరు కాలి పొగలు గ్రక్కుచు వెనుకబడుటకును, ప్రక్కనున్న సాధారణపు కారు దానిని దాటిపోవుటకును కారణమేమి? పై తరగతుల బాలురు మమ్ము తరచుగ నడుగుచుండు ప్రశ్న యిది. వారు చేతిఫోనులలో ఇట్టి పందెములను చూచుచున్నారు. తల్లిదండ్రులకు ఈ సంగతి అంతగా రుచింపదని మేమెరుగుదుము. అయినను ప్రశ్న మంచిది. దానికి సమాధానము మన సికిందరాబాదునందే, మన పిల్లలలో ననేకుల తండ్రులు పనిచేయు రైలు షెడ్డులలోనే, ప్రతిదినమును కంటబడుచున్నది. కావున కొంచెము వివరముగ వ్రాయుచున్నాము.

మొదట ఎడ్లబండిని తలచుకొందము. బండిచక్రము తనంతట తాను తిరుగదు. ఎద్దు లాగగా దొర్లును. నేలను పట్టి వెనుకకు నెట్టునది ఎద్దుగిట్ట. కావుననే బురదలో చక్రము దిగబడును గాని జారదు, జారునది గిట్ట. మోటారుబండిలోనన్ననో, ఇంజను త్రిప్పు చక్రము ఎద్దును చక్రమును తానే యైనది. అది బరువును మోయవలెను, నేలను పట్టి నెట్టవలెను. ముందు చక్రములను ఇంజను త్రిప్పు బండిలో త్రోవ మళ్లించు పనియు దానిదే. ఒక్క కూలివానిచేత మూడు పనులు చేయించుట యన్నమాట.

ఇట్టి బండ్లు క్రొత్తవి కావు. ఫ్రాన్సు దేశపు సిట్రోయెను వారు 1934 లో విడుదలచేసిన కారునకు జనులు పెట్టిన పేరే 'ట్రాక్సియోం అవాం', అనగా ముందు లాగుడు. 1959 లో ఇంగ్లండులో ఇసిగోనిసు అను శిల్పి ఇంజనును అడ్డముగ నమర్చి 'మినీ' అను చిన్న కారును కల్పించెను. మన దేశమునందు 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 ఈ జాతిదే. అంతకు ముందు మన వీధులనేలిన అంబాసిడరునకు వెనుక చక్రములే లాగునవి. ఇంజను, గేర్లు, ఇరుసులు అన్నియు ముందే కూర్చుండుటచే లోపల చోటు మిగులును, ఖర్చు తగ్గును. నేడు మన వీధులలోని చిన్న కార్లలో చాల భాగము ఈ తీరువే. మారుతి 800 ఇంజనుకు నలుబదికి లోపు అశ్వశక్తియే గనుక చక్రము జారు చిక్కు అంతగా లేకుండెను. అట్టి చిన్న బండికి టర్బో బిగించి నూటయేబది, రెండువందల అశ్వశక్తులు పుట్టించిననాడు చిక్కు మొదలగును.

ఈ చిక్కు బయటపడు చోటు డ్రాగ్ పందెము. తిన్నని త్రోవలో పావు మైలు దూరము, అనగా 402 మీటర్లు, నిలిచియున్న స్థితినుండి ఎవరు ముందు దాటుదురో చూచెదరు. మలుపులు లేవు. బయలుదేరిన మొదటి కొన్ని క్షణములలోనే జయాపజయములు చాలవరకు తేలిపోవును.

నేలపై చక్రమునకు గల పట్టు రెండింటిపై ఆధారపడును: ఒకటి ఆ చక్రముపై పడు బరువు, రెండవది తాకు రెండు వస్తువుల స్వభావము. 1699 లో ఫ్రెంచివాడగు అమోంతో ఈ ఘర్షణ నియమమును ప్రకటించెను. స్వభావమును తెలుపు అంకెను ఘర్షణ గుణకమందురు. పొడి తారురోడ్డుపై మంచి రబ్బరు టైరునకు ఇది సుమారు 0.8. అనగా చక్రముపై 100 కిలోల బరువున్నచో అది 80 కిలోల బలముతో నెట్టగలదు. అంతకు మించి త్రిప్పినచో జారును. జారిన పిదప పట్టు ఇంకను తగ్గును. పొగ గ్రక్కు చక్రము చూచుటకు శూరునివలె నుండును గాని, నిజమునకు మెల్లగ దొర్లు చక్రముకంటె తక్కువ పని చేయుచుండును.

ఇక రైలుబండికి వత్తము. ఉక్కుపట్టాపై ఉక్కుచక్రమునకు పట్టు ఇంకను తక్కువ, పొడిగానున్నను 0.3 ప్రాంతము, తడిసిన అందులో సగము. పట్టాలపై ఆవిరిబండిని మొట్టమొదట నడిపినవాడు ట్రెవితిక్కు, 1804 లో. ఆ కాలపు పోతయినుప పట్టాలు బరువైన ఇంజను క్రింద విరిగిపోయెడివి. తేలికయైన ఇంజను చేసిన జారెడిది. ఈ రెంటి నడుమ చిక్కుకొని బ్లెంకిన్సప్ప అనునతడు 1812 లో లీడ్సు పట్టణముకడ పండ్లచక్రమును, పండ్లపట్టాను అమర్చెను. మరుసటి యేడు హెడ్లీ నున్నని చక్రములే చాలునని నిరూపించెను. నైజాము ప్రభువు కాలమున 1874 లో వాడినుండి సికిందరాబాదునకు రైలు వచ్చునప్పటికి ఈ వాదము ఎన్నడో ముగిసినది. చక్రములు మాత్రము అప్పుడప్పుడు జారుచునే యున్నవి.

అందులకు రైలువారు కనిపెట్టిన ఉపాయము ఇసుక. నేటికిని ఇంజనునందు ఇసుకపెట్టెలుండును. జారునను అనుమానము కలిగినప్పుడు గాలి ఒత్తిడితో పొడియిసుకను చక్రము ముందరి పట్టాపై చల్లుదురు. ఇంతకంటె చౌకయైన పరికరము లేదు. కుండపోత వానలో కంటె, పట్టాపై సన్నని మంచుతడి పడిన వేకువజామున చక్రము ఎక్కువగ జారును. పెద్ద వాన మురికిని కడిగివేయును గాని చిరుతడి దానిని జిగురు చేయును. మన రోడ్లపై తొలకరి చినుకులు పడిన గడియయే మిక్కిలి అపాయకరమైనదని చెప్పుటకును కారణమిదే.

లెక్కలు చూడుడు. 1962 నుండి మన దేశమునందు నడచిన డబ్ల్యు.డి.ఎం.2 అను డీజిలు ఇంజను బరువు సుమారు 113 టన్నులు. బయలుదేరునపుడు అది లాగగల బలము 30 టన్నులకు కొంచెమెక్కువ. అనగా బరువులో 27 పాళ్లు. లాలాగూడ విద్యుత్ షెడ్డులో కనబడు డబ్ల్యు.ఎ.జి.9 ఇంజను బరువు 123 టన్నులు, అనగా ఆరు ఇరుసులపై ఒక్కొక్కదానికి ఇరువదిన్నర టన్నులు. బయలుదేరునపుడు అది 460 కిలోన్యూటన్లు, సుమారు 47 టన్నుల బలముతో లాగును. బరువులో 38 పాళ్లు. బరువు పెరిగినది పది టన్నులే. లాగుడు పెరిగినది సగమునకు మించి. ఇది ఎట్లు సాధ్యమైనది? చక్రము జారనారంభించిన క్షణమునందే యంత్రము గుర్తించి బలమును రవ్వంత తగ్గించి, మరల హెచ్చించుచుండును. పట్టు తెగు అంచునకు చేరియు దానిని దాటనీయదు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. కారు నడుపువాని కాలికిని ఇదియే పని.

ఇప్పుడు మన కారునకు గల ప్రత్యేకమైన దౌర్భాగ్యమును చెప్పవలెను. ఎడ్లబండిలో బస్తాలన్నియు వెనుక వేసినచో కాడి ఎద్దుల మెడపైనుండి తేలును. అప్పుడు బండివాడు ముందుకు జరిగి నొగపై కూర్చుండును. కారు విసురుగ బయలుదేరునపుడును అట్లే ముందుభాగము తేలి, వెనుకభాగము క్రుంగును. లాగవలసిన చక్రములపైనుండి, లాగుటకు మొదలుపెట్టిన క్షణమునందే, బరువు తప్పుకొనును. ఎంత గట్టిగ లాగిన అంత తప్పుకొనును. రైలు ఇంజనుకును ఈ బాధ కలదు. ముందరి ఇరుసు ముందుగ జారును. కాని దానికి మిగిలిన ఇరుసులు తోడు కలవు.

వేయి కిలోల కారు నొకదానిని తీసికొందము. ముందు చక్రములపై 600, వెనుక 400 కిలోలు. ఇరుసుల నడిమి దూరము రెండున్నర మీటర్లు, గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున నున్నది. టైరు గుణకము 0.8. నిలిచియున్నప్పటి లెక్క ప్రకారము 480 కిలోల బలముతో లాగవలెను. కాని బయలుదేరగనే సుమారు 83 కిలోల బరువు వెనుకకు జరిగి, ముందు 517 మాత్రమే మిగులును. లాగుడు 414 కిలోలకు దిగును. దీనికి మించి ఇంజను ఎంత బలము చూపినను వ్యర్థమే. గంటకు 40 కిలోమీటర్ల వేగమువద్ద ఈ 414 కిలోల బలమునకు చాలు శక్తి సుమారు 60 అశ్వశక్తులు. 80 కిలోమీటర్లవద్ద సుమారు 120. రెండువందల అశ్వశక్తుల ఇంజనుకు వేలకొలది రూపాయలు ధారపోసినవాడు మొదటి గేరులో అందులో మూడవ వంతును కూడ వాడుకొనలేడు. మిగిలినది పొగ.

వెనుక చక్రములు లాగు బండికి ఈ బరువు జరుగుట వరమగును. అదే బరువుల కారును వెనుక చక్రములతో లాగించినచో, 0.8 గుణకముతో 381 కిలోలే వచ్చును. మన ముందు చక్రముల బండియే మేలు. కాని గుణకము 1.5 గల పందెపు మెత్తని టైర్లు వేసిన, ముందు చక్రముల బండికి 692, వెనుక చక్రముల బండికి 857 కిలోలు వచ్చును. టైరు మంచిదైనకొలది ముందు చక్రముల బండి వెనుకబడుటకు హేతువిది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్ సాగరు ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల పందెమునందును బండ్లను ముందుకు నెట్టినవి వెనుక చక్రములే. ముందు చక్రముల యంత్రము వేగము తగ్గించునపుడు విద్యుత్తును తిరిగి రాబట్టుటకు మాత్రమే యుండెను.

అయినచో చేతిలో కొద్ది సొమ్ముగల యువకుడు ఏమి చేయవలెను?

మొదట తన బండిని తూచుకొనవలెను. లారీలను తూచు ధర్మకాంటాపై కారు మొత్తమునకు ఒకసారియు, ముందు చక్రములు మాత్రమే పళ్లెముపై నుండునట్లు మరొకసారియు తూచిన చాలును. దీనికగు ఖర్చు స్వల్పము. ఇట్లు తూచక చేయు మార్పులన్నియు చీకటిలో రాయి విసరుటయే.

పిదప వెనుకభాగమును తేలిక చేయవలెను. అదనపు చక్రము పదునైదు కిలోలుండి వెనుక ఇరుసునకు అర మీటరు వెనుక వ్రేలాడుచున్నదనుకొనుడు. దానిని పందెపు దినమున తీసివేసిన మొత్తము బరువు తగ్గుటయే గాక, త్రాసున్యాయముచే ముందు చక్రములపై మూడు కిలోలు పెరుగును కూడ. పైసా ఖర్చులేక త్వరణము నూటికి రెండు పాళ్లు హెచ్చును. వెనుక చక్రముల బండ్లవారిని చూచి బ్యాటరీని డిక్కీలోనికి మార్చువారు కలరు. ముందు చక్రముల బండికి ఇది స్వయముగ తెచ్చుకొన్న చేటు. వెనుకనుండి ముప్పది కిలోలు ముందుకు జరిపినచో లాగుడు నూటికి ఐదు పాళ్లు పెరుగునని పై లెక్కయే చెప్పును. బండిని ఐదు సెంటీమీటర్లు క్రిందికి దింపిన లాభమో, నూటికి ఒకటిన్నర పాలు మించదు. అందము కొరకు దింపువారిని మేము కాదనము గాని, దానిని శాస్త్రమనకూడదు.

టైర్లది అన్నిటికంటె పెద్ద పాత్ర. గుణకము 0.8 నుండి 1.0 కి పెరిగిన, లాగుడు 414 నుండి 500 కిలోలగును. నూటికి ఇరువదికి పైగా లాభము. ఇంజనుపై చేయు ఏ మార్పును ఇంత చౌకగ ఇంత ఫలము నీయదు. రెండు టైర్లే మంచివి కొనగలిగినవాడు పందెమునకు వానిని ముందు వేసికొనవలెను. గాలి విషయమున, ముందు టైర్లలో రెండేసి పౌనులు తగ్గించి ప్రతిసారియు కాలమును వ్రాసికొనుచు పోవలెను. తగ్గించినకొలది నేలను తాకు వెడల్పు పెరిగి పట్టు హెచ్చును. ఒక హద్దు దాటిన పిదప టైరు గోడ ముడుతలు పడి, నడుమ తేలి, పట్టు తగ్గును, చక్రమునుండి ఊడు అపాయమును కలదు. వెనుక టైర్లలో గాలి తగినంత గట్టిగ నుండవలెను. పందెము ముగియగనే ముందు టైర్లకు గాలిని మరల నింపక ఇంటికి నడుపరాదు.

ఇంజనును, చక్రపు చేతులను పట్టియుంచు రబ్బరు దిమ్మలు అరిగియున్నచో చక్రము నేలపై దబదబ ఎగురును. ఎగురునపుడు గాలిలోనుండు క్షణమున పట్టు శూన్యము. తిరిగి నేల తాకు క్షణమున ఇరుసుకడ్డీ విరుగును. రాణీగంజి అంగళ్లలో ఈ దిమ్మలు వెదకిన దొరకును, వెల పెద్దది కాదు. వెనుక స్ప్రింగులను కొంచెము గట్టివిగా మార్చిన వెనుకభాగము త్వరగ క్రుంగదు. పైదేశములలో ముందు చక్రముల పందెపు బండ్లకు వెనుక పొడవైన కడ్డీని, దాని కొనకు చిన్న చక్రములను బిగించుట చూచి బాలురు నవ్వుదురు. వెనుక ఇరుసును మరింత వెనుకకు జరిపినట్లగుటకే ఆ కడ్డీ. ఇరుసుల నడిమి దూరము పెరిగిన, జరుగు బరువు తగ్గును.

డిఫరెన్షియలు సంగతి చెప్పక తీరదు. మలుపులో రెండు చక్రములు వేరువేరు వేగములతో తిరుగుటకు అది యుండును. రెంటికిని సమానమైన బలమునే పంచుటచే, ఒక చక్రము నూనెమరకపై నున్నచో రెండవదానికిని ఆ కొంచెమే అందును. జారుడును అరికట్టు డిఫరెన్షియలు దీనికి మందు. కాని వెల ఎక్కువ. పండ్లను వెల్డింగు చేసి బిగించివేయు చౌకపద్ధతి యొకటి కలదు. ముందు చక్రముల బండిని అట్లు చేసి వీధిలో నడుపువాడు మలుపు తిరుగలేక పోవును. మేము దీనిని గట్టిగ నిషేధించుచున్నాము.

టర్బో ఇంజనులకు కంప్యూటరు పెట్టె ద్వారా మొదటి గేరులో గాలి ఒత్తిడిని తగ్గించి, మూడవ గేరులో పూర్తిగ విడుచుట మరియొక ఉపాయము. బలము తగ్గించిన వేగము పెరుగునని చెప్పిన కుర్రవాండ్రు మొదట నమ్మరు. లాలాగూడ ఇంజను చేయుచున్నది ఇదియే గదా. అట్టి పెట్టె లేనివాడు తన పాదముతోనే ఈ పని చేయవలెను: క్లచ్చిని మెల్లగ విడిచి, చక్రము కూయనారంభించిన వెంటనే యాక్సిలరేటరును కొంచెము సడలించుట. దీనికి కావలసినది అభ్యాసము మాత్రమే.

మరియొక మాట. పట్టు దొరికిన పిమ్మట ఇంతకాలము పొగగా పోయిన బలమంతయు ఇరుసుకడ్డీలపైనను కీళ్లపైనను పడును. జారుచున్నంతకాలము విరుగని కడ్డీ, జారుట మానగనే విరుగవచ్చును. దీనికి కొంత సొమ్ము మిగుల్చుకొనవలెను.

ఇదంతయు మూసివేసిన త్రోవకే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను ప్రకారము, ప్రభుత్వపు వ్రాతపూర్వకానుమతి లేక ప్రజలు తిరుగుచోట పందెము వేయుట శిక్షార్హమైన నేరము. 52వ సెక్షను బండిని ఇష్టము వచ్చినట్లు మార్చుటను కట్టుబాటు చేయుచున్నది. మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ విమానపు దారిపై ఇట్టి పందెములు అనుమతితో జరిగినవి. పందెము వేయవలెనని తహతహలాడువారు అట్టిచోటికే పోవలెను. పందెముతో నిమిత్తము లేని తల్లిదండ్రులకు ఇందులో పనికివచ్చు సంగతి యొకటి కలదు. బ్రేకు వేసినప్పుడు బండిని ఆపునదియు ఆ టైరే, ఆ పట్టే. గాడులలోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు వానలో నీటిని ప్రక్కకు నెట్టలేక నీటిపై తేలును. టైరు గాడిలో దీనికి గుర్తుగ చిన్న గట్లుండును. రబ్బరు వానితో సమమైననాడు టైరు మార్చవలెను. క్రొత్త హారను, క్రొత్త దీపములు కొను ఇంట ఈ గట్లను వంగి చూచినవారు ఎందరో మాకు సందేహమే.

బాలురు ఇంటియొద్ద చేయదగిన పరీక్ష నొకదానిని చెప్పి విరమించెదము. నున్నని పలకను బల్లపై పరచి, దాని ఒక కొనను మెల్లగ ఎత్తుడు. పలకపై ఒక రబ్బరు ముక్కను, ఒక రూపాయి నాణెమును ప్రక్కప్రక్కన నుంచుడు. ఏది జారనారంభించునో అప్పుడు పలక కొన ఎత్తును, ఆ కొనకు సరిగా క్రిందనున్న చోటినుండి పలక బల్లను తాకు చోటివరకు గల దూరమును కొలువుడు. ఎత్తును దూరముచే భాగించిన వచ్చునదే ఘర్షణ గుణకము. తరువాత నాణెముపై మరి రెండు నాణెములను అంటించి చూడుడు. అంకె మారునేమో పరిశీలించుడు. చివరకు పలకపై నాలుగు నీటిచుక్కలు చిలికి, తడిగుడ్డతో తుడిచి, రబ్బరుముక్కను మరల పెట్టుడు. వచ్చిన అంకెలన్నిటిని తేదీతో నోటుపుస్తకమున వ్రాసి తెచ్చినవారితో తరగతిలో మాటలాడెదము.